ఇంకా తెరవలేదు

ఐదువందల అరవై గ్రాములు.
మా కాసిమేడులో ఒక సంకరా చేప
ఇంతకన్నా బరువుంటాది సిస్టర్, అన్నాడు చెంచయ్య.
అని, నాలిక కరుచుకున్నాడు.

ఇరవై మూడు వారాలకే వచ్చేసింది.
చెవి మడత పెడితే మడతలోనే ఉండిపోతుంది,
మళ్ళీ మనమే విప్పాలి.
కనురెప్పలు రెండూ ఒకటే చర్మం,
కుట్టు కనపడకుండా కుట్టిన రవిక అంచులా.

"కళ్ళు లేవా?"
ఉన్నాయి. రెప్పలు ఇంకా విడలేదు.
"కోసి తెరుస్తారా?"
తెరవం. వాటంతటవే విడతాయి.

ఏదో తెలిసినవాడిలా తలూపాడు.
"పిల్లికూనలు అంతే గదా.
మా ఐసు షెడ్డులో, థర్మోకోల్ పెట్టెలో నాలుగు పెట్టింది.
తొమ్మిదోనాడు తెరిచినయ్.
ఓ పిల్లోడు ఆగలేక, ముందే
ఒకదాని రెప్ప గోటితో విడదీసినాడు.
అది..."
అక్కడ ఆపేశాడు.
నేనూ అడగలేదు.

తొమ్మిది రోజులు లెక్కపెట్టాడు.
తొమ్మిదో పొద్దున ఉతికిన షర్టు వేసుకొచ్చాడు,
ఐసు కొట్టిన చేతులు
చంకల్లో దాచి వెచ్చబెట్టుకుంటూ.
తెరవలేదు.
పిల్లి లెక్క వేరు, మనిషి లెక్క వేరు.
ఈ వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, గూడూరు మాది.
ఆ మాట చెప్పడానికి
నాకూ తెలుగు రాలేదు.

కామెర్లని నీలి దీపం కింద పెట్టినప్పుడు
రూలు ప్రకారం నేనే
ఆ మూసుకున్న కళ్ళమీద గంతలు కట్టాను.
గుమ్మం ఇంకా కోయని గోడకి
పరదా కట్టినట్టు.

వెంగమ్మ మాత్రం లోపలికి రాదు.
అద్దం దాకా వచ్చి వీపు తిప్పేస్తుంది.
ఐదు మిల్లీలీటర్లు, ఒక్కోసారి మూడు,
సీసా మూతమీద పేరు రాయించి ఇచ్చి
మెట్లు దిగిపోతుంది.
డాక్టరమ్మ ఒకరోజు కసిరింది.
బతకదని ముందే చేతులు కడిగేసుకుందేమో
అనుకున్నాను నేను.

ఆ రాత్రి టీ గ్లాసు పట్టుకుని తనే అంది:
"నిద్రపొయ్యే బిడ్డని కన్నార్పకుండా చూడకూడదంటారు గదక్కా.
ఇది నిద్రా గాదు, మెలకువా గాదు.
నన్ను చూడలేని దాన్ని నేను చూస్తే
దొంగతనంగా చూసినట్టుంటది.
అది చూసినాక చూస్తా."

పందొమ్మిదో రాత్రి, మూడు దాటింది.
రాయపురం వైపు గూడ్సు బండి ఎంతకీ అయిపోవటం లేదు.
ఆక్సిజన్ తొంభై ఒకటి, తొంభై, తొంభై ఒకటి.
పాలగొట్టం సర్దుతుంటే
ఎడమ కంటి కొసన తడి.
తుడవబోయి ఆగాను.

తడి కాదు, చీలిక.
బియ్యపు గింజలో సగం.
దాని వెనక తడిపలక రంగు.
అది కదిలింది.

నా మాస్కువైపో, దీపంవైపో చెప్పలేను.
తలుపు తట్టకుండా
ఎవరి గదిలోకో వచ్చినట్టు
ఒక అడుగు వెనక్కి వేశాను.
దీపం తగ్గించి
పొత్తిగుడ్డతో నీడ పెట్టాను.
చార్టులో రాయాలి:
ఎడమ కన్ను, కొంతమేర, మూడు ఇరవై.
పెన్ను మూత తీశాను.
మళ్ళీ పెట్టేశాను.

ఆరింటికి సీసాతో వచ్చింది,
అద్దం దగ్గరే ఆగింది.
"తెరిచిందా అక్కా?"

పదకొండేళ్ళ సర్వీసు నాది.
"ఇంకా తెరవలేదు," అన్నాను.
"ఇవాళో రేపో. పక్కన కూర్చుంటే మేలు."

చెప్పులు విప్పింది.
మోచేతులదాకా కడుక్కుంది, రెండుసార్లు.
స్టూలు లాక్కుని కూర్చుంది,
చూపు మాత్రం నేలమీదే.
"ఎంతసేపైనా సరే," అంది, నాతో కాదు.

డ్యూటీ దిగాను. మొదటి బస్సు వదిలేశాను.
సింకు దగ్గర నిలబడి
కడిగిన సీసాలే మళ్ళీ కడుగుతున్నాను.
ఏడూ పదికి
స్టూలు కాలు నేలమీద గీసుకున్న చప్పుడు.
ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

వెనక్కి తిరిగి చూడలేదు.
చార్టులో ఏడూ పది అని రాశాను.